ఆరున్నొక్కటి

ఎవరో వెనకనుంచి రాయి విసిరారనుకున్నాను.
తిరిగి చూస్తే
వెండూరీ చెరువు గట్టున ఒక నల్లహంస.
దానికి నాతో ఏ పేచీ లేదు.
ఎడమ పిక్కలో
తడిగుడ్డ చింపినట్టు చిన్న చప్పుడు, అంతే.
నాలుగో కిలోమీటరు గుర్తు
ఇంకా నలభై అడుగుల దూరంలో ఉంది.

ఆ నలభై అడుగులూ
పడవల షెడ్డు గోడ పట్టుకుని
పావుగంట నడిచాను.
అంతదాకా ఏడాదికొకటి చొప్పున మర్యాదగా వచ్చిన
అరవై మూడేళ్లూ
ఒక్కసారే వచ్చి భుజాల మీద కూర్చున్నాయి.

కాలికి బుద్ధి చెప్పడమంటే
పారిపోవడమని మా భాషలో.
యాభై ఒకటో ఏట మొదలుపెట్టాను చెప్పడం,
దిద్దని కాగితాల కట్ట బల్లమీదే వదిలేసి,
ఒక సాయంత్రం, బడి బూట్లతోనే.
పన్నెండేళ్లు వింది పాపం.
ఇప్పుడది నాకు చెబుతోంది.

లాక్లన్ అనే కుర్రాడు
బఠాణీ కాయలో గింజ వెతికినట్టు
బొటనవేలితో పిక్కంతా వెతికి
దొరికిన చోట ఆగాడు.
"మీ వయసులో..." అని మొదలుపెట్టి
తన బూట్ల వంక చూశాడు.
ఆ వాక్యాన్ని అతను పూర్తి చేయలేదు,
నేనూ అడగలేదు.
వంటింటి మెట్టు చివర నిలబడి
మడమలెత్తి దించమన్నాడు,
పదిహేనేసి, రోజుకు మూడు విడతలు.

ఫోన్లో సత్యవేణక్క:
"పరిగెత్తి పాలు తాగేకంటే
నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అన్నారా?"
పదకొండు వారాలుగా నిలబడి నీళ్లే తాగుతున్నాను అక్కా,
రుచిగా లేవు.

బాలరాట్ బడిలో ఇరవై రెండేళ్లు
ఏడుని ఏడనే చెప్పినదాన్ని.
చిన్నప్పుడు మిల్లులో ధాన్యం కొలిచే గంటయ్య
ఒకటిని లాభం అనేవాడు,
ఏడు దగ్గర మాత్రం గొంతు తగ్గించి
ఆరున్నొక్కటి అనేవాడు.
ఏడంటే గింజ ఏడుస్తుందట.
నవ్వేదాన్ని.
ఇప్పుడు కెటిల్ కూసేలోగా
లాభం, రెండు, మూడు...
సరిగ్గా ఆ ఏడో ఎత్తుకే
పిక్క లోపల ఎవరో దారం లాగుతారు.
నా నోట వచ్చేది గంటయ్య మాటే.

శనివారాలు గ్లెనిస్ వస్తుంది.
డెబ్బై రెండు, ఒక మోకాలు ఆమెది, ఒకటి ఆసుపత్రిది.
చెరువు చుట్టి, చెమటతోనే వచ్చి
గుమ్మంలో నిలబడుతుంది.
ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పదు,
గాలి ఎటునుంచి కొట్టిందో చెబుతుంది.
ఆమె వెళ్లాక
చాప మీద రాలిన తడి గడ్డిపరకల్ని
ఆ పూటకి ఊడవలేదు నేను.

మంచిదాన్నేం కాదు.
కారు అద్దం దించకుండా చెరువు పక్కన ఆపుకుని
జూలై చలిలో పొట్టి నిక్కర్లతో దూసుకుపోయే వాళ్లని చూసి
ఒక్కడైనా కాస్త కుంటకపోతాడా అనుకున్న రోజులున్నాయి.
ఒకతను నిజంగానే ఆగి
బూటు లేసు కట్టుకుని వెళ్లిపోయాడు.
సిగ్గేసింది, లేసు చూసి ఆశపడ్డందుకు.

ఇవాళ అనుమతి వచ్చింది:
ఒక నిమిషం పరుగు, నాలుగు నిమిషాల నడక,
ఆరుసార్లు. ఆరే.
గడ్డి మీద మంచు గట్టిపడి పటపటమంటోంది.
మొదటి నిమిషమంతా కాలి మాటే వింటూ పరిగెత్తాను,
నిద్రపోతున్న పసిపిల్లని ఎత్తుకున్నట్టు.
రెండోది ఎలా గడిచిందో తెలీదు.
మూడోదానికి
మెడ వెనక ఆ పాత వేడి,
నేను మర్చిపోయాననుకున్నది.

ఆరయ్యేసరికి పడవల షెడ్డు దగ్గరున్నాను.
గోడ అక్కడే ఉంది. ముట్టుకోలేదు.
కనుచూపుమేర ఎవరూ లేరు.
ఇంకొక్క నిమిషం
ఎవరి లెక్కలోకీ రాదు.
పిక్క ఏమీ అనలేదు,
అననిది వినడం ఇంకా నేర్చుకుంటున్నాను.

ఆగిపోయాను.
నిలబడి సీసాలో నీళ్లు తాగాను.
పళ్లు జివ్వుమనేంత చల్లగా, బావున్నాయి.

ఈ సంగతి అక్కకి చెప్పను.